ప్రతులలోని భేదములు, సువార్తికుని సాక్ష్యము

పాఠ్యభాగములు: యిర్మీయా 36, లూకా 1:1–4, 1 పేతురు 3:15–16

గుజరాతులోని సూరతు నగరమునకు దక్షిణమున పాండేసర అను పారిశ్రామిక వాడ యున్నది. బట్టకు రంగు వేయు మిల్లులు, అచ్చు వేయు మిల్లులు అక్కడ బారులు తీరియున్నవి. ఆ మిల్లులలోను, సమీపమందలి ఉధనా, లింబాయతు ప్రాంతముల సాంచెల మీదను పనిచేయువారిలో అనేకులు పొట్ట చేతబట్టుకొని పరరాష్ట్రములనుండి వచ్చినవారు. ఒడిషాలోని గంజాము జిల్లావారు, ఉత్తర ప్రదేశ్, బీహారువారు, మహారాష్ట్రవారు, వారితోపాటు తెలంగాణ జిల్లాలనుండి వలసవచ్చిన నేతపనివారును ఉన్నారు. పండ్రెండు గంటల పని ముగించుకొని వచ్చినవాడు, అప్పుడే పనికి లేచిపోయినవాని చాపమీద పండుకొనుట అక్కడ వింత కాదు. ఒకే సందులో నాలుగు భాషలు వినబడును.

ఇట్టి చోట కూర్చుండి క్రీస్తును గూర్చి మాటలాడు సువార్తికునికి ఎదురగు ప్రశ్నలు వేదాంత కళాశాల పరీక్షలోని ప్రశ్నలవలె ఉండవు. “మీ గ్రంథము మార్చబడినదట గదా?” అని ఒకడు సూటిగా అడుగును. తన ఫోనులో చూచినదానినే అతడు అడుగుచున్నాడు. అందులో ద్వేషమేమియు లేదు. గ్రంథము నమ్మదగినదా కాదా అని తెలిసికొన గోరుచున్నాడు. అప్పుడు సంఘములలో తరచుగా వినబడు జవాబు ఇది: “బైబిలులో ఒక్క అక్షరమైనను మారలేదు. మారినదనువారు అబద్ధికులు.”

ఈ జవాబులో ధైర్యమున్నది గాని సత్యము లేదు. అడిగినవాడు మరునాడు అదే ఫోనులో రెండు తర్జుమాలను ప్రక్కప్రక్కన తెరచి, అపొస్తలుల కార్యములు 8:37 ఒకదానిలో ఉండి మరియొకదానిలో లేకపోవుట చూచును. మార్కు 16వ అధ్యాయములో 9వ వచనము మొదలుకొని చివరివరకు గల భాగమునకు అడుగున ఒక గమనిక కనబడును. అప్పుడతనికి బైబిలు మీద కలుగు సందేహముకంటె, తనకు జవాబిచ్చినవాని మీద కలుగు సందేహమే పెద్దది. క్రొత్తగా విశ్వసించిన యువకుని విషయములో ఇది మరింత అపాయకరము. ఇల్లు విడిచి, ఊరు విడిచి, తనవారెవరును లేని చోట ప్రభువును నమ్మిన ఆ బిడ్డ, తన విశ్వాసమంతయు “ఒక్క అక్షరము మారలేదు” అను మాటకు కట్టివేసికొనినయెడల, ఆ మాట తెగిననాడు తానును కొట్టుకొనిపోవును. అతని నట్లు కట్టినవారెవరు?

ప్రతులలో భేదములున్నవి. వాటిని దాచక చూపించినప్పుడే లేఖనముల పాఠము ఎంత నమ్మదగినదో తేటపడును. ఈ పాఠములో చూడవలసిన సంగతి అదియే.

కాలిపోయిన చుట్ట

లేఖనములే ఈ విషయములో మొదటి గురువు. యిర్మీయా నోట వెలువడిన మాటలను బారూకు ఒక చుట్టలో వ్రాసెను. యెహోయాకీము రాజు శీతకాలపు నగరులో కుంపటి యెదుట కూర్చుండి యుండగా ఆ చుట్ట చదువబడెను. చదువబడిన కొలది అది చాకుతో కోయబడి అగ్నిలో వేయబడెను. దేవుని వాక్యపు మొదటి ప్రతి ఒక గదిలో బూడిదయైపోయినది! దేవుడు ఆ బూడిదను తిరిగి కాగితముగా మార్చలేదు. మరియొక చుట్ట తీసికొని వ్రాయుమని ప్రవక్తకు సెలవిచ్చెను. రెండవ చుట్ట మొదటిదానికంటె పెద్దదైనదని ఆ అధ్యాయపు కడపటి వచనము దాపరికము లేకుండ చెప్పుచున్నది. ప్రతి నశించుట, తిరిగి వ్రాయబడుట, చేర్పబడుట అను సంగతులు బైబిలు శత్రువులు కనిపెట్టినవి కావు. బైబిలే వాటిని చెప్పినది.

యిర్మీయా గ్రంథమును గూర్చి ఇంకొక విశేషము గలదు. దాని ప్రాచీన గ్రీకు తర్జుమా, హెబ్రీ పాఠముకంటె సుమారు ఎనిమిదవ వంతు తక్కువ. మృతసముద్ర తీరమందలి కుమ్రాను గుహలలో దొరికిన యిర్మీయా తునకలలో కొన్ని దీర్ఘ పాఠమును పోలియుండగా, ఒకటి గ్రీకు తర్జుమా వలె పొట్టి పాఠమును చూపుచున్నది. అనగా క్రీస్తుకు పూర్వమే ఈ గ్రంథము రెండు రూపములలో చదువబడుచుండెను. ఇది తెలిసిన తరువాత కూడ యిర్మీయా గ్రంథమును దేవుని వాక్యముగా ప్రేమించి బోధించిన పండితులు అనేకులున్నారు. తెలియకుండుటయే క్షేమమనుకొనువారి విశ్వాసము మాత్రము ఎంతకాలము నిలుచును?

జకార్డు అట్టలు

బైబిలు గ్రంథకర్తలు స్వహస్తములతో వ్రాసిన మూలప్రతులలో ఒకటియు నేడు లేదు. దీనికి కుట్ర ఏమియు అక్కరలేదు, తేమ చాలును. 2006 ఆగస్టులో తపతీ నది పొంగి సూరతు నగరములో అధికభాగము మునిగినప్పుడు ఇండ్లలోని కాగితములకు ఏ గతి పట్టెనో ఆ నగరవాసులకు చెప్పనక్కరలేదు. జమ్ముతో చేసిన ప్రాచీన కాగితము వాన ఎరుగని ఐగుప్తు ఇసుకలో నిలిచినది గాని, కొరింథులోను, ఎఫెసులోను, రోమాలోను నిలువలేదు. మిగిలినవి ప్రతులు, ప్రతులకు ప్రతులు.

వీటినుండి మూలపాఠమును ఎట్లు కనుగొందురో జకార్డు మగ్గము మీద పనిచేసినవానికి బోధించుట సులభము. అట్టలలో రంధ్రములు కొట్టిన క్రమమునుబట్టి బట్టలో పువ్వు పడును. నేతలో ఒక పోగు తెగినయెడల ఆ తప్పు ఆ చోటనే నిలిచి, పోగు అతికిన తరువాత పోవును. అట్టలో ఒక రంధ్రము తప్పినదా, ఆ పువ్వు వచ్చిన ప్రతి చోట అదే లోపము మరల మరల కనబడును. ఆ అట్టలను చూచి మరియొక షెడ్డువాడు తన అట్టలు కొట్టించుకొనినచో అతని బట్టలోనికిని అదే లోపము పోవును. ఇప్పుడు మొదటి నమూనా పోయినదనియు, వేరువేరు షెడ్లలో నేసిన చీరలు మాత్రము వందలకొలది మిగిలియున్నవనియు అనుకొనుడు. అనుభవముగల నేతగాడు వాటిని పరచి చూచి, ఈ లోపము పోగు తెగుటవలన వచ్చినది, ఈ లోపము ఫలాని షెడ్డు అట్టలనుండి వచ్చినది, మొదటి పువ్వు ఇట్లుండెను అని చెప్పగలడు. ఒకే చీర మిగిలినయెడల చెప్పలేడు. అందులో భేదమేదియు కనబడదు నిజమే, ఎందుకనగా పోల్చుటకు మరియొకటి లేదు. లోపమునే పువ్వనుకొనవలసివచ్చును.

క్రొత్త నిబంధన విషయములో దొరికినది ఒక చీర కాదు. గ్రీకు భాషలోనే చిన్న తునకలు మొదలుకొని సంపూర్ణ గ్రంథములవరకు 5,000కు మించిన చేతివ్రాత ప్రతులు లెక్కకు వచ్చినవి. వీటిలో అధికభాగము తొమ్మిదవ శతాబ్దమునకు తరువాతివి అను సంగతిని సువార్తికులు చెప్పుట మరచిపోవుదురు, చెప్పవలెను. అయినను ప్రాచీనమైనవియు కొద్ది కాదు. నాలుగవ శతాబ్దపు సీనాయి ప్రతి, వాటికను ప్రతి ఉన్నవి. వాటికి వెనుక, 1930వ సంవత్సర ప్రాంతమున చెస్టర్ బీటీ సంపాదించిన జమ్ము ప్రతులును, 1950లలో వెలుగు చూచిన బొడ్మర్ ప్రతులును ఇంచుమించు మూడవ శతాబ్దమువరకు తీసికొనిపోవును. ఈ బొడ్మర్ ప్రతులలో లూకా, యోహాను సువార్తలుగల ఒకటి వాటికను ప్రతితో ఎంతో దగ్గరగా ఏకీభవించుచున్నది. నడుమ నూరేండ్లకు మించి గడచినను ఆ పరంపరలోని లేఖకులు తమ యిష్టమువచ్చినట్లు పాఠమును తిరిగి నేయలేదని దీనివలన ఋజువగుచున్నది. సిరియ, లాటిను, కోప్టు భాషలలోని తొలి తర్జుమాలు వేరువేరు షెడ్లవలె వేరుగా సాక్ష్యమిచ్చుచున్నవి.

ఏ పోలికయైనను కొంతదూరమే నడచును. నేతగాడు పువ్వును కావలెనని మార్చుట అరుదు. లేఖకులు కొన్నిసార్లు ఆ పని చేసిరి, అదియు భక్తితో. మత్తయి 6లోని ప్రభువు ప్రార్థన కంఠస్థమైన లేఖకుడు, లూకా 11లోని పొట్టి ప్రార్థనకు వచ్చినప్పుడు ఏదో లోపించినదనుకొని, తనకు తెలిసిన మాటలను అందులో నింపెను. ప్రాచీన ప్రతులు దొరికినవి గనుకనే ఈ సంగతి తెలియుచున్నది.

ముప్పది వేల భేదములు

జాన్ మిల్ అను ఆక్స్‌ఫర్డు పండితుడు ముప్పది యేండ్లు శ్రమించి 1707లో గ్రీకు క్రొత్త నిబంధనను ప్రచురించెను. దాని అడుగు భాగమున ఆయన సుమారు 30,000 పాఠభేదములను చూపెను. ప్రచురణయైన కొలది దినములకే ఆయన కన్ను మూసెను గాని కలవరము ఆగలేదు. లేఖనములనే పడగొట్టితివని భక్తులు నిందించిరి. ఇక నమ్మవలసినదేమున్నదని అవిశ్వాసులు సంతోషించిరి. 1713లో రిచర్డ్ బెంట్లీ ఇరువురికిని జవాబిచ్చెను. మిల్ ఆ భేదములను పుట్టించలేదు, చూపెను. ప్రతులు ఎన్ని ఎక్కువైన భేదములు అన్ని ఎక్కువగును, మూలపాఠమును తెలిసికొను సాధనములును అన్నియే ఎక్కువగును అని ఆయన వాదించెను. నేడు లెక్కకు వచ్చిన భేదములు లక్షలలో ఉన్నవి. వాటిలో అత్యధికము వర్ణక్రమము, పదముల వరుస, పర్యాయపదములు మొదలగువాటికి సంబంధించినవి. తర్జుమాలో కనబడనైనను కనబడవు.

ఆ కలవరములో చిక్కుకొన్నవారిలో యోహాన్ ఆల్‌బ్రెఖ్ట్ బెంగెల్ అను జర్మను యువకుడొకడు. ట్యూబింగెనులో చదువుచుండగా ఈ భేదములను గూర్చి తెలిసికొని మిగుల బాధపడెను. పాండేసర యువకుని బాధ క్రొత్తది కాదు. బెంగెల్ కన్నులు మూసికొనలేదు, పండితులను దూషించుచు కూర్చుండనులేదు. దొరికిన ప్రతులనెల్ల పోల్చి, ప్రతులు కుటుంబములుగా ఏర్పడునని కనుగొని, 1734లో తన గ్రీకు క్రొత్త నిబంధనను ప్రచురించెను. రెండు పాఠములలో కఠినమైనదే సాధారణముగా మొదటిదై యుండునని, ఏలయనగా లేఖకుడు కష్టమైనదానిని సులువు చేయును గాని సులువైనదానిని కష్టము చేయడని ఆయన బోధించెను. సువార్త సిద్ధాంతములలో ఒకటియు ఈ భేదములవలన కదలలేదని శ్రమించి తెలిసికొనిన తరువాతనే చెప్పెను. ఆయన 1713లో దర్శించిన హాలె పట్టణపు భక్తి ఉద్యమమునుండియే బెంజమిన్ షుల్జ్ దక్షిణ భారతమునకు వచ్చి, పదునెనిమిదవ శతాబ్దపు పూర్వార్ధమున లేఖనములను తెలుగులోనికి తర్జుమా చేసెను. ఆ తర్జుమా అచ్చుకు నోచుకొనలేదు.

ప్రతిని ప్రతితో పోల్చు పని సూరతునకును క్రొత్త కాదు. పారసీకుల పరిశుద్ధ గ్రంథములను వెదకుచు ఆంకెటిల్ దుపెర్రోన్ అను ఫ్రెంచి యువకుడు 1758లో ఆ నగరము చేరెను. దస్తూర్ దారాబ్ యొద్ద పాఠము చెప్పించుకొనుచు, తనకిచ్చిన ప్రతి సరియైనదో కాదో అను అనుమానము కలుగగా వేరొకరియొద్దనుండి మరియొక ప్రతిని సంపాదించి రెంటిని పోల్చి చూచెను. 1761లో సూరతు విడిచి, 180 చేతివ్రాత ప్రతులను పారిసునకు చేర్చెను. ఒక్క సాక్షి మాట చాలదని ద్వితీయోపదేశకాండము 19:15 నేర్పిన న్యాయము ప్రతులకును చెల్లును.

ఇక పెద్ద భేదములు. మార్కు 16:9–20 సీనాయి, వాటికను ప్రతులలో లేదు. యోహాను 7:53–8:11, అనగా వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ వృత్తాంతము, ఆ రెండిటిలోనే గాక యోహాను సువార్తయొక్క ప్రాచీన బొడ్మర్ ప్రతులలోను లేదు. ఇంత దీర్ఘమైన సందేహాస్పద భాగములు క్రొత్త నిబంధనలో ఈ రెండే. ప్రభువు పునరుత్థానము మార్కు 16లోని కడపటి వచనముల మీద ఆధారపడలేదు. అదే అధ్యాయములోని మొదటి ఎనిమిది వచనములు సమాధి ఖాళీయైనదని చెప్పుచున్నవి, 1 కొరింథీయులకు 15:3–8 సాక్షుల పేళ్లే చెప్పుచున్నది. పాములను పట్టుకొనుటను గూర్చిన ఆ ఒక్క వచనము మీద కూటములు నడుపువారు మాత్రము కొంత ఆలోచించుట మంచిది. ఆ స్త్రీ వృత్తాంతమును నిజముగా జరిగినదేననియు, సంఘ జ్ఞాపకములో నిలిచి తరువాత ఇక్కడ చేర్చబడినదనియు అనేకులు తలంచుదురు. త్రిత్వమును గూర్చి 1 యోహాను 5:7లో కొన్ని పాత తర్జుమాలలో కనబడు అదనపు మాటలను ఎరాస్మస్ 1516 నాటి తన మొదటి ముద్రణలో చేర్చలేదు, 1522లో చేర్చెను. ప్రాచీన గ్రీకు ప్రతుల ఆధారము వాటికి లేదు. త్రిత్వ సిద్ధాంతమునకు మత్తయి 28:19, 2 కొరింథీయులకు 13:14 ఉండగా బలహీనమైన కర్రను ఊతగా పట్టుకొననేల?

పాత నిబంధన విషయములో 1947 మొదలుకొని దొరికిన కుమ్రాను చుట్టలు గొప్ప మేలు చేసినవి. అంతకు ముందు తెలిసిన ప్రధాన హెబ్రీ ప్రతులు పదవ, పదునొకండవ శతాబ్దములవి. యెషయా మహాచుట్ట వాటికంటె సుమారు వెయ్యేండ్లు పాతది. ఏడు మీటర్లకు మించిన పొడవు, 54 నిలువు వరుసలు గలది. పోల్చి చూడగా గ్రంథము అదే గ్రంథము. అక్షరాక్షరము అదేనా? కాదు. వర్ణక్రమ భేదములు వందలున్నవి. యెషయా 53:11లో, శ్రమనొందిన సేవకుడు “వెలుగు”ను చూచునను పదము కుమ్రాను చుట్టలలోను గ్రీకు తర్జుమాలోను ఉండి, తరువాతి హెబ్రీ పాఠములో లేదు. సేవకుడు అనేకుల పాపమును భరించుట ఇరుపాఠములలోను ఉన్నది.

చెప్పకూడని ఋజువులు

మంచి వాదమునకు చెడ్డ ఋజువు చేయునంత హాని శత్రువైనను చేయలేడు. యెహోషువ నాటి తప్పిపోయిన దినమును అమెరికా అంతరిక్ష శాస్త్రజ్ఞులు తమ యంత్రముల లెక్కలలో కనుగొనిరను కథ దశాబ్దములుగా ప్రసంగ వేదికల మీద తిరుగుచున్నది. ఆ సంస్థయే దానిని కాదన్నది. 2012లో అమెరికాలో జరిగిన ఒక బహిరంగ వాదములో, మార్కు సువార్తయొక్క మొదటి శతాబ్దపు తునక దొరికినదని ప్రకటింపబడెను. 2018లో ఆ తునక ప్రచురింపబడినప్పుడు అది రెండవ శతాబ్దాంతమునకో మూడవ శతాబ్దారంభమునకో చెందినదని తేలెను. అదియు విలువైనదే గాని, ఆరేండ్లపాటు దానిని మొదటి శతాబ్దపుదని చాటినవారికి ఆ విలువ సిగ్గుగా మారినది. 2020 మార్చిలో వాషింగ్టనులోని బైబిలు మ్యూజియము తనయొద్దనున్న 16 మృతసముద్ర తునకలును నకిలీవని పరిశోధనలో తేలినట్లు తానే ప్రకటించెను. ఇట్లు ఒప్పుకొనుట ఆ సంస్థకు నష్టము కాదు.

దీనికి భిన్నముగా, పాండేసరవానికి దగ్గరగా నుండు ఋజువొకటి గలదు. అపొస్తలుల కార్యములు 16:14లో ఫిలిప్పీయందు పౌలు మాట వినిన లూదియ, ఊదారంగు సరకు అమ్మునది, తుయతైర ఊరిది. ఈ తుయతైర రంగులపనికి పేరుపొందిన ఊరనియు, అక్కడ రంగులవారి సంఘముండెననియు ఆ స్థలమున దొరికిన శిలాశాసనములు చెప్పుచున్నవి. లూకా ఒక స్త్రీ ఊరిపేరును పనిపేరును కలిపి ఊరకనే చెప్పిపోయెను. అవి రెండును సరిపోయినవి. కట్టుకథ అల్లువాడు ఇట్టి చిన్న సంగతులలోనే తడబడును. రంగుల మిల్లులో పనిచేయువాడు సూరతునుండి వచ్చెనని వినినవాడు తల ఊపునట్లే, ఆనాటి పాఠకుడును తల ఊపియుండును. ఆ మరుసటి అధ్యాయములో థెస్సలొనీక అధికారులకు లూకా వాడిన “పొలితార్కులు” అను పదవిపేరు ప్రాచీన గ్రీకు సాహిత్యములో మరెక్కడను కనబడక, ఆ పట్టణపు ద్వారముపై చెక్కిన శాసనములో కనబడెను. ఆ రాయి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియములో ఉన్నది. 18:12లోని గల్లియోను పేరు డెల్ఫీలో దొరికిన క్లౌదియ చక్రవర్తి లేఖలో ఉండుటవలన పౌలు కొరింథులో నున్న కాలము ఇంచుమించు క్రీ.శ. 51 అని స్థిరపడినది.

అయితే ఈ ఋజువులు ఎంతవరకు వచ్చునో అంతవరకే రానియ్యవలెను. లూదియ ఊరు నిజమని శాసనము చెప్పును. ఆమె హృదయమును ప్రభువు తెరచెనని ఏ శాసనమును చెప్పదు. పాఠము చెడలేదనుట ఒకటి, ఆ పాఠము చెప్పునది సత్యమనుట మరియొకటి. మొదటిది ప్రతులను చూచి తేల్చవచ్చును. రెండవదానికి వినువాడు సువార్తను చదివి, అందులో మాటలాడువాని ఎదుట నిలువవలెను. లూకా తన పీఠికలో కన్నులార చూచినవారి మాటలను మొదటినుండి విచారించి వ్రాసితినని చెప్పి, థెయొఫిలు చేతికి గ్రంథమిచ్చెను. వాదముతో ముగించలేదు.

గుజరాతులో 2003 నాటి చట్టమును, దానికి 2021లో జరిగిన సవరణయు బలవంతముచేతను, ప్రలోభముచేతను, మోసముచేతను జరుగు మతమార్పిడిని శిక్షించుచున్నవి. ఆ చట్టపు నిబంధనలను గూర్చి న్యాయస్థానములలో వాదములు నడచినవి. సువార్తికుడు ఆ చట్టమును తెలిసికొని మెలగవలెను. కాని అతనికి అంతకంటె కఠినమైన ఆజ్ఞ పేతురు పత్రికలో ఉన్నది: జవాబు చెప్పునప్పుడు సాత్వికము, భయము, నిర్మలమైన మనస్సాక్షి ఉండవలెను. తెలిసి తెలిసి చెప్పిన అతిశయోక్తి ఆ మనస్సాక్షికి మచ్చయే.

పాండేసర గదిలో చేయదగిన పని పెద్దది కాదు. ఒరియా క్రొత్త నిబంధన 1809లో శ్రీరాంపురమున అచ్చయినది. తెలుగులో డెగ్రాంజెస్, ఆనందరాయరు పరిశ్రమించిన మూడు సువార్తలు 1812లో అక్కడనే అచ్చయినవి. గుజరాతీ క్రొత్త నిబంధనను స్కిన్నరు, ఫైవీ అను మిషనరీలు 1820ల ఆరంభమున సూరతులోనే అచ్చు వేయించిరి. ఈ మూడు భాషల పుస్తకములును నేడు ఒకే గదిలో ఉండవచ్చును. ఇవి గ్రీకునుండియో, గ్రీకును చూచి చేసిన వాటినుండియో వచ్చినవి గనుక ప్రాచీన పాఠమునకు వేరు సాక్షులు కావు. వాటిని అట్లు చూపుట తప్పు. అయినను గంజామువాడు, నల్లగొండవాడు, సూరతువాడు ఒకే అధ్యాయమును తమతమ భాషలలో వంతులవారీగా చదివినప్పుడు, ఎక్కడ మాట కలియునో ఎక్కడ కలియదో వారే అడుగుదురు. అడిగినప్పుడు జవాబు తెలియనియెడల తెలియదని చెప్పి, మరుసటి వారమునకు తెలిసికొని రావలెను.

మొదట చదువుటకు యోహాను 18వ అధ్యాయము మంచిది. మాంచెస్టరులోని రైలాండ్స్ గ్రంథాలయములో అరచేయి కంటె చిన్నదైన జమ్ము కాగితపు తునక యొకటి ఉన్నది. 1920లో ఐగుప్తులో కొనబడి, 1935లో ప్రచురింపబడెను. రెండవ శతాబ్దపు పూర్వార్ధమునకు చెందినదని చాలకాలము చెప్పబడినది. మరి కొన్ని దశాబ్దములు తరువాతిదై యుండవచ్చునని ఇటీవలి పండితులు హెచ్చరించుచున్నారు. ఎట్లైనను క్రొత్త నిబంధన ప్రతులలో మిక్కిలి ప్రాచీనమైనవాటిలో అది యొకటి. దానికి ఒక ప్రక్కన ఆ అధ్యాయములోని 31–33 వచనముల మాటలు కొన్ని, వెనుక ప్రక్కన 37–38 వచనముల మాటలు కొన్ని ఉన్నవి. బంధింపబడిన యేసు పిలాతు ఎదుట నిలిచి సత్యమును గూర్చి సాక్ష్యమిచ్చుటకు వచ్చితినని చెప్పుటయు, సత్యమనగా ఏమిటని పిలాతు అడిగి, జవాబుకు ఆగక వెలుపలికి పోవుటయు ఆ భాగములోనిదే.